రేకు మీద కాలు పెట్టకండి

మృగశిర కార్తె ఇంకో వారం ఉందనగా మా వీధిలో ఒకాయన వంటింటి సిమెంటు రేకుల కప్పు కారుతోందని పైకెక్కాడు. కొత్త రేకు అంచు కోస్తుండగా కాళ్ల కింది పాత రేకు ఫట్‌మని విరిగింది. పదడుగుల ఎత్తే, కానీ గచ్చు మీద పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఏటా వానల ముందు ఇలాంటి కబురు ఒకటైనా వింటాం.

నిచ్చెన గట్టిగా పట్టుకోమని నేను చెప్పక్కర్లేదు. అందరికీ అంచు దగ్గరే భయం. సిమెంటు రేకుల ఇంట్లో మనిషి పడేది రేకులోంచి. దాని మందం 6 మిల్లీమీటర్లే. ఏళ్ల తరబడి ఎండకి ఎండి వానకి నానిన రేకు వంగి హెచ్చరించదు, ఒక్కసారే పోతుంది. "బోల్టుల వరస మీద నడువు, ఏం కాదు" అంటారు కొందరు మేస్త్రీలు. బోల్టుల కింద రేకుల్ని మోసే పైపు ఉన్నమాట నిజమే. చేతిలో రంపం పట్టుకున్నవాడి పాదం ఆ వరస మీదే ఉంటుందా? అర అడుగు పక్కకి పడితే చాలు. అందుకే చెక్క పలకలు వేసుకుని వాటి మీదే నడవండి. పలక కనీసం రెండు పైపుల మీద ఆనాలి, జారకుండా తాడుతో కట్టాలి. రెండు పలకలుంటే ఒకదాని మీద ఉండి రెండోది జరుపుకోవచ్చు.

కొలత పైన తీసుకోండి, కోత కింద కొయ్యండి. నాలుగు రేకులు కలిసే చోట మూలలు కొయ్యాలన్నా అంతే. పైన ఉండే సమయం తగ్గుతుంది. తడిపి చేతి రంపంతో కొయ్యండి. పాతవైనా కొత్తవైనా చాలా సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. గ్రైండరు పెడితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జబ్బు 20, 30 ఏళ్లకి బయటపడుతుంది. ముక్కుకి తువ్వాలు కడితే ఆగదు, ఎన్‌95 మాస్కూ చాలదు, పీ100 ఫిల్టరున్న రబ్బరు మాస్కు పెట్టుకోండి. నీళ్లు పోస్తూ కరెంటు గ్రైండరు మాత్రం నడపొద్దు.

ఇంకా:

వెలుతురు కోసం వేసిన ఫైబర్ రేకు కూడా మనిషి బరువు ఆపదు, దుమ్ము పట్టాక మామూలు రేకులాగే కనిపిస్తుంది. ఎక్కే ముందే ఎక్కడుందో చూసుకోండి.

3 మీటర్ల రేకు 40 కిలోలు దాటుతుంది. ఒక్కరే ఎత్తొద్దు. గాలి లేస్తే పని ఆపండి.

ఇంటికొచ్చే కరెంటు సర్వీసు వైరు దగ్గర ఇనప నిచ్చెన వద్దు.

బోల్టు రేకు గట్టు మీదే వెయ్యండి, పల్లంలో వేస్తే కారుతుంది. మరీ బిగిస్తే పగులుతుంది.

పాచి పట్టిన తడి రేకు మీద పలక కూడా జారుతుంది. ఎండనివ్వండి.

కింద గదిలో ఎవరూ ఉండొద్దు, ఉయ్యాల్లో పాప కూడా.

తేలిగ్గా ఉంటాడని పిల్లాణ్ణి ఎక్కించేవాళ్లని చూశాను. సిగ్గుండాలి.

వాన మొదలైంది, ఒక్క నిమిషంలో టార్పాలిన్ కప్పి దిగిపోతానంటారా? తడి రేకు మీద పలక కూడా జారుతుందని చెప్పాను కదా. వాన ఆగి రేకు ఎండేదాకా కారే చోట బకెట్ పెట్టుకోండి.