మండుటెండలో సైకిల్: చివరి గుక్క దాకా చల్లగా

ఏప్రిల్, మే నెలల్లో తెల్లారుజామున ఎల్బీనగర్‌లో నింపుకున్న నీళ్లు చౌటుప్పల్ దాటేసరికి చల్లదనం పోగొట్టుకుంటాయి. పది గంటలకు చూస్తే స్నానానికి కాచినట్టుంటాయి. అలాంటి నీళ్లు గొంతు దిగవు. రెండు గుక్కలు తాగి బాటిల్ మళ్లీ కేజ్‌లో (సైకిల్‌కు బిగించిన బాటిల్ స్టాండులో) పెట్టేస్తాం. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాల్సిన మనిషి పావు లీటరుతో సరిపెట్టుకుంటాడు. ఎండదెబ్బకు దారి అక్కడే పడుతుంది. 200 కి.మీ. బ్రెవేకి (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి) గడువు 13 గంటల 30 నిమిషాలు. ఉదయం 6కి బయల్దేరినవాళ్లు ఎంత గట్టిగా తొక్కినా మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద ఉండక తప్పదు.

ముందు ఒక తేడా పట్టుకోవాలి. ఇంటి నుంచి తెచ్చిన చల్లదనాన్ని దాచుకోవడం ఒక పని. వేడెక్కిపోయిన నీళ్లను దారిలో చల్లబరచడం ఇంకో పని. మొదటిదానికి పొడి కవచం కావాలి, రెండోదానికి తడి గుడ్డ కావాలి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఉన్న చలువ కూడా పోతుంది.

రాత్రి ఫ్రీజర్ దగ్గర

ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి నీళ్లు ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు, ఐసు ఉండాల్సిందే. లెక్క చూడండి. 300 గ్రాముల ఐసు కరగడానికి 24 కిలోక్యాలరీల వేడి కావాలి. అదే వేడి సున్నా డిగ్రీల దగ్గరున్న 300 మి.లీ. నీళ్లకు ఎక్కితే అవి 80 డిగ్రీలకు చేరతాయి. కరిగినంతసేపూ ఐసు ఆ వేడినంతా మింగుతూ ఉంటుంది, నీళ్లు మాత్రం చల్లగానే ఉంటాయి.

మామూలు ప్లాస్టిక్ సైక్లింగ్ బాటిల్‌ అయితే అందులోనే గడ్డ కట్టించవచ్చు. 600 మి.లీ. బాటిల్‌లో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు నీళ్లు పోసి, మూత తీసేసి, ఫ్రీజర్‌లో ఏటవాలుగా ఆనించి పెట్టండి. ఏటవాలుగా ఎందుకంటే, గడ్డ ఒక పక్కకే కట్టి రెండో పక్కన నీళ్లు దిగడానికి దారి మిగులుతుంది. నిటారుగా పెడితే అడుగున బిళ్లలా కడుతుంది. పైన పోసిన నీళ్లకు అది ఒక్క ముఖమే తగులుతుంది, బాటిల్ పిండినా మెత్తగా నొక్కుకోదు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి నిండా పోయకూడదు. నిండా పోసిన బాటిల్ అడుగు బయటికి పొంగుతుంది. ఆ తర్వాత అది కేజ్‌లో సరిగ్గా కూర్చోదు, గతుకు వచ్చినప్పుడల్లా ఎగిరి పడుతుంది. మూత పెట్టి గడ్డ కట్టిస్తే నాజిల్ (నీళ్లు తాగే మూతి) లోపలి రబ్బరు చీలిపోయే ప్రమాదం కూడా ఉంది.

రెండు పొరల ఇన్సులేటెడ్ బాటిల్‌తో ఇంకో చిక్కుంది. వేడిని లోపలికి రానివ్వని పొర, లోపలి వేడిని బయటికి పోనివ్వడానికీ అంతే మొండికేస్తుంది. రాత్రి పది గంటలకు ఫ్రీజర్‌లో పెట్టి తెల్లారి నాలుగింటికి తీస్తే మధ్యలో ఇంకా నీళ్లే ఉంటాయి. దీనికి ఐసు విడిగా కట్టించుకోవడం మేలు. ఐస్ ట్రే ముక్కలు చిన్నవి, త్వరగా కరుగుతాయి. కుల్ఫీ అచ్చులు వాడి చూడండి. సన్నగా పొడుగ్గా వచ్చే ఆ ఐసు బాటిల్ మూతి గుండా దూరుతుంది, పెద్ద ముక్క కాబట్టి ఎక్కువసేపు నిలుస్తుంది. ఖాళీ బాటిల్‌ని కూడా రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. లేకపోతే మీరు వేసిన ఐసులో కొంత బాటిల్‌ని చల్లబరచడానికే ఖర్చవుతుంది. స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కుని మాత్రం ఎప్పుడూ నీళ్లతో ఫ్రీజర్‌లో పెట్టకండి. లోపలి గోడ ఉబ్బి వాక్యూమ్ పోతే అది మామూలు స్టీలు చెంబుతో సమానం.

పొడి, మజ్జిగ, ఇతరాలు

ఎలక్ట్రాల్ లాంటి ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లను గడ్డ కట్టించవద్దు. గడ్డ కట్టేటప్పుడు నీళ్లు ముందు ఐసవుతాయి, ఉప్పూ చక్కెరా మిగిలిన ద్రవంలోకి పోగవుతాయి. కరిగేటప్పుడు అదే ముందు కరుగుతుంది. మొదటి గంటలో సముద్రపు నీళ్లలా ఉప్పగా, మూడో గంటలో చప్పగా తాగుతారు. ఐసు ఉత్త నీళ్లదే ఉండాలి. పొడిని పొద్దున కొద్ది నీళ్లలో వేసి, గిలక్కొట్టి, పూర్తిగా కరిగాక ఐసూ చల్లటి నీళ్లూ చేర్చాలి. ఐసు మీద పొడి చల్లితే ముద్దకట్టి నాజిల్‌లో ఇరుక్కుంటుంది. 21.8 గ్రాముల ప్యాకెట్ ఒక లీటరుకు. అంటే 600 మి.లీ. బాటిల్‌కు సుమారు 13 గ్రాములు, ఆ 600లో ఐసు కూడా లెక్కే. ప్యాకెట్ మొత్తం ఒక్క బాటిల్‌లో దులిపేస్తే కడుపులో తిప్పుతుంది. ఐసు కరిగేదాకా కూడా ద్రవం గాఢంగానే ఉంటుంది, అందుకే పొడి కలిపిన బాటిల్‌లో ఐసు తక్కువగా, ఉత్త నీళ్ల బాటిల్‌లో ఎక్కువగా వేసుకోవాలి. దారిలో కొనేటప్పుడు డబ్బా మీద ఓఆర్‌ఎస్ అనే మూడక్షరాలు చూసి మోసపోవద్దు. చక్కెర నిండిన పళ్లరసాల మీద ఆ పేరు వేయకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో కట్టడి చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి.

మజ్జిగ తీసుకెళ్లేవాళ్లు పలచగా చేసి, ఉప్పు వేసి, గుడ్డలో వడగట్టి పోయండి. కరివేపాకు, ఆవాలు, పచ్చిమిర్చి ముక్క ఏది ఉన్నా నాజిల్ మూసుకుపోతుంది. గడ్డ కట్టిస్తే పలుకులు పలుకులుగా విరుగుతుంది, తాగలేరు. ఐసు వేసుకుని మొదటి రెండు గంటల్లో ముగించాలి. ఎండలో ఆ తర్వాత అది పులుపు తిరుగుతుంది, ఆ వాసన వారం దాకా బాటిల్‌ని వదలదు. గోలీసోడా బాటిల్‌లో పోసుకోవడం మాత్రం వద్దు. గతుకుల్లో గ్యాసు లేచి నాజిల్ నుంచి ముఖం మీదికి చిమ్ముతుంది.

మూడు బాటిళ్ల వరస

ఏ బాటిల్ ఎప్పుడు తాగాలో ముందే అనుకోండి. మొదటిది ఐసు లేని, ఫ్రిజ్ నీళ్ల బాటిల్. అది మామూలు ప్లాస్టిక్‌దైనా ఫర్వాలేదు, చల్లగా ఉండగానే అయిపోతుంది. రెండోది సగం ఐసున్న ఇన్సులేటెడ్ బాటిల్. 40 డిగ్రీల ఎండలో కూడా ఇది సుమారు రెండు మూడు గంటలు తాగేలా ఉంటుంది. మూడోది పూర్తిగా గడ్డకట్టిన అర లీటరు వాటర్ బాటిల్ (మూతి దగ్గర కొంచెం ఖాళీ వదిలి కట్టించినది). దీన్ని న్యూస్‌పేపర్‌లో నాలుగు చుట్లు చుట్టి, పైన పొడి తువ్వాలు చుట్టి, ఫ్రేమ్ బ్యాగ్ మధ్యలో పెట్టండి. ఐసు అమ్మేవాళ్లు గడ్డని ఊకలో, గోనెపట్టాలో దాచేది ఇదే సూత్రం మీద: పొడిగా ఉన్న పొరల మధ్య చిక్కుకున్న గాలి వేడిని ఆపుతుంది. పేపరు తడిసిందంటే ఆ గాలి పోయినట్టే, మార్చేయండి.

హ్యాండిల్‌బార్ దగ్గరి చిన్న సంచిలో బాటిల్ పెట్టుకుంటే తీసుకోవడం సులువే కానీ నేరుగా ఎండ తగులుతుంది. అక్కడ త్వరగా తాగేసేదే పెట్టాలి. వీపు మీద వేసుకునే నీళ్ల సంచిలో రెండు లీటర్లకు ఐసు నింపితే చాలాసేపు ఆగుతుంది, అయితే గొట్టంలో ఆగిన నీళ్లు మాత్రం కాలిపోతుంటాయి. తాగిన ప్రతిసారీ గొట్టంలోకి ఊది, అందులోని నీళ్లను సంచిలోకి తిప్పి పంపితే తర్వాతి గుక్క చల్లగా వస్తుంది.

తడి సాక్స్ ఎప్పుడు తొడగాలి

ఐసు అయిపోయాక, పాత కాటన్ సాక్స్ ఒకటి తడిపి మామూలు ప్లాస్టిక్ బాటిల్‌కు తొడిగితే కుండ చేసే పనే అది చేస్తుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 క్యాలరీల వేడిని తీసుకుపోతుంది, ఒక గ్రాము ఐసు కరిగితే పోయేది 80 మాత్రమే. అయినా ఆవిరితో వచ్చే చలువకు ఒక హద్దుంది. గాలిలో తేమ 20 శాతం, ఎండ 42 డిగ్రీలు ఉన్న నల్గొండ మధ్యాహ్నంలో తడి గుడ్డ సుమారు 24 డిగ్రీల దాకా దించగలదు, అది కూడా లెక్కలో తేలే హద్దు, చేతిలోకి వచ్చేసరికి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. విశాఖలో 35 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే హద్దు 29 దగ్గరే. కోస్తాలో తడి సాక్స్ మీద ఆశ పెట్టుకోకండి.

ఇక అసలు తప్పు. ఐసున్న బాటిల్ 2 డిగ్రీల దగ్గరుంటే, దాని మీద తొడిగిన తడి సాక్స్ 24 వైపే వెళ్లాలని చూస్తుంది. అంటే అది బాటిల్‌కు వేడి ఎక్కిస్తోంది! పైగా తడి గుడ్డ పొడి గుడ్డకన్నా వేడిని బాగా లాగుతుంది. ఐసు ఉన్నంతసేపు పొడి, మందమైన ఉన్ని సాక్స్. నీళ్లు గోరువెచ్చబడ్డాక తడి కాటన్ సాక్స్. ఇన్సులేటెడ్ బాటిల్‌కు తడి సాక్స్ తొడగడం వట్టి దండగ, బయటి చలువ లోపలికి చేరదు. సాక్స్ పదిహేను ఇరవై నిమిషాలకోసారి తడపాలి, ఆరిపోయిన సాక్స్ దుప్పటి కప్పినట్టే. తడపడానికి తాగే నీళ్లు వాడొద్దు, ఏ బోరింగ్ నీళ్లయినా చాలు.

దారిలో నింపుకోవడం

విజయవాడ హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట వరసలో చూస్తే ఒక్కో అంచె సుమారు 35 నుంచి 50 కి.మీ. ఎండలో అది రెండు, రెండున్నర గంటల పని. అంటే రెండు బాటిళ్లతో గట్టెక్కలేని అంచెలున్నాయి. సగం దూరంలోనే ఆగండి. కూల్‌డ్రింక్ షాపులో “కూలింగ్ ఉందా?” అని అడిగితే మామూలు చల్లటి బాటిల్ ఇస్తారు. “గడ్డ కట్టింది ఉందా?” అని అడగాలి. చాలా షాపుల్లో డీప్ ఫ్రీజర్ అడుగున అలాంటివి రెండు మూడు పడి ఉంటాయి. ఒకటి గడ్డ, ఒకటి చల్లటి నీళ్లు కొని, చల్లటివి మీ బాటిల్‌లో పోసుకుని, గడ్డది జెర్సీ వెనక జేబులో వేసుకుంటే నడుముకు చలువ, గంట తర్వాత తాగడానికి నీళ్లు. కేజ్‌లో పెట్టాలంటే, సైక్లింగ్ బాటిల్ కంటే ఈ సన్న బాటిల్ వదులుగా కూర్చుంటుంది. పాత ట్యూబు ముక్కను రింగులా కోసి రెండుచోట్ల తొడిగితే జారదు.

చేపలకూ చికెన్‌కూ వాడే ఐసు గడ్డ తాగే నీళ్లలో వేయకండి. పలచటి తువ్వాల్లో మూటకట్టి మెడ వెనక వేసుకోవడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. చలివేంద్రం కుండ నీళ్లు దొరికితే తల మీద పోసుకోవడానికి ఒక బాటిల్ పట్టుకోండి, ఓఆర్‌ఎస్ బాటిల్ మాత్రం తల మీద వంచకండి, కళ్లు మండుతాయి. కొబ్బరిబోండం అక్కడికక్కడే తాగేయాలి, బాటిల్‌లో పోసుకుంటే త్వరగా పాడవుతుంది.

ఎంత చల్లగా తాగుతున్నా చెమట ఆగిపోయినా, ఒళ్లు జలదరించినా, మాట తడబడినా ఇక తొక్కొద్దు. నీడలో పడుకోబెట్టి ఉన్న ఐసూ నీళ్లూ మెడకు, చంకలకు పెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆ సమయంలో స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇంటికి చేరాక మూత విప్పి, నాజిల్ రబ్బరు బయటికి లాగి, ఒక చెంచా వంటసోడా వేసిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, చిన్న బ్రష్‌తో తోమి, మూత పెట్టకుండా బోర్లించి ఆరబెట్టండి. నల్ల మచ్చలు వచ్చేది ఆ రబ్బరు మడతలోనే.