పరుగులో పడిపోయిన కుర్రాడికి గ్లూకోజు పట్టించి మళ్ళీ పంపకండి

పోటీల కాలం దగ్గరపడింది. పరుగు పందేలు, టోర్నమెంట్లు, ఉద్యోగాలకు శారీరక పరీక్షలు వరసగా ఉంటాయి. సరిగ్గా ఇప్పుడే, నిండా పాతికేళ్ళు లేని ఓ కుర్రాడు మైదానంలో కుప్పకూలిన వీడియో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. నీళ్ళు తాగండి, వార్మప్ చేయండి లాంటివి ఎవరైనా చెబుతారు. వాటి జోలికి నేను పోను. ప్రాణాలు తీస్తున్న ఒక తప్పు వేరే ఉంది: పరిగెత్తుతూ ఉండగా స్పృహ తప్పినవాణ్ణి చూసి ‘నీరసం’ అని తేల్చేయడం. అసలు కారణం గుండెలో మిగిలిన మచ్చ కావచ్చు.

మచ్చ చేసే పని

గుండె కండరం దెబ్బతిని మానిన చోట పీచులాంటి మచ్చ మిగులుతుంది. అది ముడుచుకోదు, విద్యుత్ సంకేతాన్ని సాఫీగా పోనివ్వదు. మచ్చ అంచుల దగ్గర సంకేతం నెమ్మదించి, పక్కదారి పట్టి, తిరిగి మొదటికే వచ్చి అక్కడే గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. గుండె వేగం అదుపు తప్పుతుంది. చివరికి రక్తాన్ని నెట్టడం మాని ఊరికే వణుకుతుంది. ఇది రక్తనాళం పూడుకుపోయి వచ్చే హార్ట్ ఎటాక్ కాదు. కొలెస్టరాల్ రిపోర్టు బాగుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఒక్కోసారి ఆ లయ కొన్ని సెకన్లలో తనంతట తానే సర్దుకుంటుంది. పడినవాడు లేచి కూర్చుని నవ్వుతాడు. ‘పొద్దున ఏమీ తినలేదు’ అంటాడు. అందరూ నమ్ముతారు. మోసమంతా అక్కడే ఉంది.

2007 ఆగస్టు 25న స్పెయిన్‌లోని సెవిల్లా క్లబ్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆంటోనియో పుయెర్టా మ్యాచ్ మధ్యలో పడిపోయాడు. తేరుకున్నాడు, లేచి మైదానం బయటికి నడిచి వెళ్ళాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో మళ్ళీ కుప్పకూలాడు. మూడు రోజులకు చనిపోయాడు. వయసు 22. గుండె కుడివైపు కండరం స్థానంలో కొవ్వు, పీచు పేరుకునే జబ్బు అతనికుంది. లేచి నడిచాడు కదా అన్నది ఏ భరోసా కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఎలా పడ్డాడో చూడండి

పరుగు ఆపి నిలబడ్డాక కళ్ళు తిరిగితే, రక్తం కాళ్ళలోకి దిగడం వల్ల కావచ్చు. సాధారణంగా దానికి ముందు చెమటలు, వికారం, కళ్ళు మసకబారడం ఉంటాయి. కాళ్ళు కదులుతూ ఉండగానే, ఏ సూచనా లేకుండా పడితే మాత్రం అది గుండెదేననుకోవాలి, కాదని తేలేదాకా. దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. తెలివి ఉన్నవాడు చేతులు ముందుకు చాపుతాడు, అరచేతులు, మోకాళ్ళు గీరుకుంటాయి. ముందే స్పృహ పోయినవాడికి గడ్డం చీలుతుంది, పళ్ళు విరుగుతాయి, చేతులకు గీత కూడా ఉండకపోవచ్చు.

మళ్ళీ చెబుతున్నాను: పరుగులో పడితే నీరసం కాదు. ఆ రోజుకి ఆట ముగిసింది. కార్డియాలజిస్టు చూసేదాకా ముగిసినట్టే.

మచ్చ ఎలా వస్తుంది

ఒక దారి, వంశపారంపర్యంగా గుండె కండరం మందమయ్యే జబ్బు. అది సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. రెండో దారి వైరల్ జ్వరం. వైరస్ గుండె కండరానికి పాకి వాపు తెస్తే దాన్ని మయోకార్డైటిస్ అంటారు. వాపు ఉన్నప్పుడు పరిగెత్తితే నష్టం పెరుగుతుంది, లయ తప్పే ముప్పూ పెరుగుతుంది. అది నిర్ధారణ అయినవారిని 3 నుంచి 6 నెలలు కఠిన వ్యాయామం మానమనేది ఇందుకే. జ్వరంతో పోటీకి దిగడం పౌరుషమని ఎవరు నేర్పారో గానీ, వాళ్ళను మైదానం దరిదాపులకు రానివ్వకూడదు.

ఇక మిగిలినవి వరసగా:

- జ్వరం తగ్గాక ఛాతీ నొప్పి, గుండె దడ, మామూలు మెట్లకే ఆయాసం ఉంటే పరుగు వద్దు.
- ఈసీజీ, ఎకో బాగున్నాయని ఊరుకోకండి. మచ్చ రెండింటికీ చిక్కకపోవచ్చు. కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా తెలిసేలా నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చి తీసే గుండె ఎమ్మారైలో అది తెల్లగా కనిపిస్తుంది. అవసరమా అని డాక్టరును అడగండి.
- డాక్టరుకు ‘కళ్ళు తిరిగాయి’ అని చెప్పకండి. ‘పరిగెత్తుతూ పడిపోయాను’ అని చెప్పండి.
- కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారెవరో అడిగి తెలుసుకోండి. ఈత బాగా వచ్చి కూడా మునిగిపోయినవారిని సైతం లెక్కలోకి తీసుకోండి, నీళ్ళలోనే గుండె లయ తప్పి ఉండొచ్చు.
- అలాంటి మరణం జరిగిన ఇంట్లో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు పరీక్ష చేయించుకోవాలి. ఆరోగ్యంగా కనిపించినా సరే.
- కండలు పెంచే స్టెరాయిడ్లు ముట్టకండి.
- కోచ్ ఒత్తిడి చేస్తే కోచ్‌ను మార్చండి.
- పడినవాడు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే ఫిట్స్ అని తీర్మానించకండి. గుండె ఆగిన తొలి క్షణాల్లోనూ అలాగే ఉంటుంది.
- అడపాదడపా ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు. పిలిస్తే పలకడం లేదా? ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టండి: నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతు. ఒకరు అంబులెన్సుకు ఫోను చేయాలి, ఇంకొకరు ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చి లయను సరిచేసే యంత్రం) కోసం పరిగెత్తాలి. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ, అందులోనూ ఛాతీ నొక్కేవారు లేకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.
- నోట్లో నీళ్ళు పోయకండి.
- లేచాడా? అయినా పంపకండి. పరుగులో పడ్డాడు. ఆసుపత్రికే.
- పోటీ రోజున ఏఈడీ ఉన్న గదికి తాళం వేయకండి.