నీళ్లకు ఊడని బ్రిటన్ స్టాంపులు – నా అనుభవం

బ్రిటన్ స్మారక స్టాంపుల్లో వాడినవే నాకు ఇష్టం, ముద్ర పడితేనే అది ఉత్తరంతో ప్రయాణం చేసిందని తెలుస్తుంది కదా. 1924లో లండన్‌లోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ ఎగ్జిబిషన్‌కి వేసిన ఒక పెన్నీ ఎరుపు స్టాంపు, అక్కడి మొట్టమొదటి స్మారక స్టాంపుల్లో ఒకటి, దాని మీద దేశం పేరు ఉండదు, దేశానికి గుర్తు రాజు తలే. అలాంటి పాత గమ్ స్టాంపులతో బాధ లేదు, గోరువెచ్చని నీళ్లలో కాసేపు వేస్తే కాగితం నుంచి వాటంతటవే విడిపోతాయి.

టెన్షన్ అంతా ఈమధ్య వచ్చిన స్టిక్కర్ రకంతోనే. రాత్రంతా నానబెట్టినా కదలవు, లాగితే చిరుగుతాయి. చివరికి పనిచేసింది సిగరెట్ లైటర్లో పోసే పెట్రోల్. కవరు ముక్కను బోర్లా పెట్టి, వెనక కాగితం మీద కొన్ని చుక్కలు వేసి, అది ఇంకాక స్టాంపును కాకుండా కాగితాన్ని మెల్లగా వెనక్కి వంచుతూ ఒలవాలి. వెనక జిగురు మిగులుతుంది కాబట్టి వేలితో టాల్కం పౌడర్ రాసేయాలి, లేకపోతే ఆల్బమ్‌కి అంటుకుపోతుంది. కిటికీలు తీసి, స్టవ్‌కి, దీపానికి దూరంగా చేయండి, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

ఎర్ర కవర్ల మీద ఉన్నవి నీళ్లలో వేస్తే రంగు దిగి స్టాంపు పాడవుతుంది. విడిగా పెట్టుకోండి. అరుదైన ముద్ర ఉంటే అసలు ఊడదీయను, చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి అలాగే దాచుకుంటాను.