ఎండలు ముదరకముందే హాప్స్ సంగతి చూసుకోండి

మార్చి దాటితే హైదరాబాద్‌లో బీరుకు గిరాకీ, బ్రూవరీ ల్యాబ్‌లో టెన్షన్ రెండూ పెరుగుతాయి. వేసవి బ్యాచ్‌లు మొదలుపెట్టేముందు హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పూలు) విషయంలో ఇవి చూసుకోండి.

• డ్రై హాపింగ్ (కాచడం అయ్యాక, చల్లని బీరులో హాప్స్ నానబెట్టడం) అయిన వెంటనే సీసాల్లో నింపొద్దు. హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి, ఈస్ట్ మళ్లీ పని మొదలెడుతుంది. గ్యాస్ పెరిగితే సీసాలు పేలతాయి. గ్రావిటీ (బీరు సాంద్రత) కదలకుండా నిలిచిందని వరుస రీడింగుల్లో తేలాకే నింపండి.

• లోడ్ దిగగానే హాప్స్ పెట్టెలు కోల్డ్‌రూమ్‌లోకి. మధ్యాహ్నం షెడ్డులో వదిలేస్తే చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు తగ్గిపోతాయి, మళ్లీ రావు. వాక్యూమ్ ప్యాకెట్‌ను బొటనవేలితో నొక్కండి, ఇటుకలా ఉండాలి. మెత్తబడితే గాలి దూరినట్టే. నైట్రోజన్ నింపినవి మెత్తగానే ఉంటాయి, వాటికి సీలు చూడండి. విప్పగానే పాత చీజ్ వాసన వస్తే పక్కన పెట్టేయండి.

• హాప్స్ ఎంత పాతబడ్డాయో చెప్పే స్టోరేజ్ ఇండెక్స్‌కు క్వార్ట్జ్ క్యూవెట్టే (కాంతి కొలిచే పరికరంలో నమూనా పోసి పెట్టే చిన్న పాత్ర) వాడండి. 275, 325 నానోమీటర్ల దగ్గర నమూనా కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే రీడింగుల నిష్పత్తే ఆ ఇండెక్స్. మామూలు గాజు 275 దగ్గర కాంతిని మింగేస్తుంది. తాజా సరుకుకు 0.3 లోపు రావాలి. సర్టిఫికెట్‌లోని ఆల్ఫా శాతం పరీక్షించిన రోజుది, ఇవాళ్టిది కాదు.

• పురుగుమందుల రిపోర్టులో లాట్ నంబరు, పెట్టె మీది నంబరు ఒకటేనా? కాకపోతే ఆ రిపోర్టు వేరే సరుకుది.

• "హాప్స్ సూక్ష్మజీవుల్ని చంపేస్తాయిగా" అనుకోవద్దు. గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియా మీద వాటి ప్రభావం తక్కువ.

• వాడేసిన హాప్స్‌ను గేటు బయట పారబోయొద్దు. కుక్కలు తింటే ఒంటి వేడి విపరీతంగా పెరిగి ప్రాణం పోవచ్చు. మన గల్లీల్లో వాటికి కొదవా!