టవర్ ఆఫ్ పవర్ 1991 ఆల్బమ్: కింది నుంచి పైకి వినడం ఎలా

ఇరవై రెండేళ్లుగా రాజమండ్రి చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్, అంటే కింది స్వరాలు పలికే గిటార్, వాయిస్తున్నాను. చవితి పందిళ్లు, తీర్థాలు, పెళ్లి రిసెప్షన్లు, అన్నీ. ఈ పదేళ్లలో చాలా ట్రూపులు బేస్ వాయించే మనిషిని తీసేశాయి. కీబోర్డ్ అతను ఎడమ చేత్తో ఆ పని కానిచ్చేస్తాడు. ఆర్గనైజర్‌కి ఒక పేమెంటూ, వ్యాన్‌లో ఒక సీటూ మిగులుతాయి. వినేవాళ్లకి తేడా తెలియదని వాళ్ల ధీమా. తెలుస్తుందని నా నమ్మకం, ఎలా వినాలో ఒక్కసారి ఎవరైనా చూపిస్తే చాలు. అది చూపించడానికి నేను ఎప్పుడూ ఎంచుకునేది అమెరికాలోని ఓక్‌లాండ్ బ్యాండ్ టవర్ ఆఫ్ పవర్ 1991లో తెచ్చిన ‘మాన్‌స్టర్ ఆన్ ఎ లీష్’.

ఈ బ్యాండ్ పేరు తెలిసినవాళ్లు కూడా ఈ ఆల్బమ్ దాకా రారు. 1968లో ఎమిలియో కాస్టిల్లో, స్టీఫెన్ ‘డాక్’ కుప్కా కలిసి మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. 1973లో వచ్చిన ‘సో వెరీ హార్డ్ టు గో’, ‘వాట్ ఈజ్ హిప్’ వీళ్లని నిలబెట్టాయి. అప్పటి గాయకుడు లెనీ విలియమ్స్. ఆ గొంతు వెళ్లిపోయాక అభిమానుల్లో చాలామంది పుస్తకం మూసేశారు. తర్వాత గాయకులు మారారు, డ్రమ్మర్లు మారారు, కంపెనీలు మారాయి. 1991 నాటికి బయట డ్రమ్ మెషీన్లూ, పాత రికార్డుల ముక్కలు అతికించే శాంప్లింగూ రాజ్యమేలుతున్నాయి. గాలి వాద్యాలు ఊదేవాళ్లు ఐదుగురిని జీతమిచ్చి పోషించే బ్యాండ్ అప్పటికే పాతకాలం వ్యవహారం. సరిగ్గా అప్పుడు ఎపిక్ కంపెనీ నుంచి వచ్చింది ఇది. పాడింది టామ్ బోవెస్, డ్రమ్స్ రస్ మెకిన్నన్. బేస్ మాత్రం పాత మనిషే, ఫ్రాన్సిస్ రోకో ప్రెస్టియా.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకుండా. మొదటిసారి దీన్ని రావులపాలెం నుంచి అమలాపురం వెళ్తూ వ్యాన్‌లో ఫోన్ స్పీకర్ మీద విన్నాను. కీబోర్డ్ మెరుపులు, ఎత్తు గొంతు, ట్రంపెట్లు, అంతే వినిపించాయి. ‘తొంభైల నాటి సరుకు’ అనుకుని పక్కన పడేశాను. ఆరేళ్ల తర్వాత ఒక తీర్థంలో సాయంత్రం సౌండ్ చెక్ జరుగుతుంటే, లైన్ చూడ్డానికి నా ఫోన్ మిక్సర్‌కి తగిలించారు. అదృష్టం కొద్దీ అందులోంచి మొదట వచ్చింది ఈ ఆల్బమ్‌లోని ‘యాటిట్యూడ్ డాన్స్’. పద్దెనిమిది అంగుళాల బాక్సులు. పందిరి కర్రలకి కట్టిన రంగుకాగితాలు అదురుతున్నాయి. మా ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) కుర్రాడు చెయ్యి ఆపేసి నా వైపు తిరిగాడు. “బాబాయ్, ఇది ప్రోగ్రామింగా, చెయ్యా?” అన్నాడు. చెయ్యేరా అన్నాను. పాట అయ్యేదాకా ఇద్దరం ఇంకో పని చెయ్యలేదు.

కాబట్టి మొదటి సంగతి, దేంట్లో వింటున్నారన్నది. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ వట్టిగా మీటితే 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 కంపనాలు, పలుకుతుంది. ఫోన్ స్పీకర్‌కి ఆ లోతు అందదు. ఖరీదైన సామాను అక్కర్లేదు. చెవిలో బాగా కూర్చునే మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు, లేదా కాస్త పెద్ద కోన్ ఉన్న స్పీకర్ బాక్సులు. ఒక్కటి తప్పకుండా చెయ్యండి. ఫోన్‌లోనో యాప్‌లోనో ‘బేస్ బూస్ట్’ నొక్కి ఉంటే తీసెయ్యండి. బేస్ కోసం వింటూ దాన్నెందుకు తీసెయ్యమంటున్నానంటే, అది కింది స్వరాలన్నిటినీ ఉబ్బరించి ఒకదానిలోకి ఒకటి కలిపేస్తుంది. రోకో వాయింపులో ప్రాణం స్వరం ఎక్కడ ఆగిందన్న దాంట్లో ఉంది. ఆ ఆగడం వినపడకపోతే ఇక మిగిలేది గుయ్యిమనే మోతే.

రెండోది, ఆల్బమ్ మొదలుపెట్టే ముందు 1973 నాటి ‘వాట్ ఈజ్ హిప్’ ఒక్కసారి, ఒకే ఒక్కసారి వినండి. బ్యాండ్ స్వభావం తెలియడానికి. తర్వాత దాన్ని కొన్నాళ్లు ముట్టుకోవద్దు. పక్కన పెట్టి పోలుస్తూ కూర్చుంటే ఏ బ్యాండ్ తర్వాతి రోజుల ఆల్బమూ గెలవదు, ఎందుకంటే మనం పోల్చేది పాటతో కాదు, ఆ పాట మొదటిసారి విన్న మన వయసుతో.

ఇక వినడం. మొదటి రోజు ‘యాటిట్యూడ్ డాన్స్’ ఒక్కటే. కుడి పాదంతో లయ వెయ్యండి, మామూలుగా పాటకి కాలు ఆడించినట్టే. ఒక్కో అడుగుకీ లోపల ‘తకధిమి’ అనుకోండి. మనకి పుట్టుకతో వచ్చిన లెక్కే కదా, చతురశ్రం. అడుగుకి నాలుగు. ఈ నాలుగు గళ్లల్లో రోకో వేళ్లు ఎక్కడెక్కడ పడుతున్నాయో వెతకండి. ‘త’ మీద పడ్డది సులువుగా దొరుకుతుంది. కష్టమైనవి ‘క’, ‘మి’ మీద పడేవి. అక్కడ చాలాసార్లు స్వరం ఉండదు, చెక్క మీద వేలు తగిలినట్టు ‘టక్’ మన్న శబ్దం మాత్రమే ఉంటుంది. ఆ మూగ దెబ్బలే ఆయన సొత్తు. మృదంగంలో చాపుల మధ్య మెల్లగా దొర్లే చిన్న దెబ్బలు గుర్తు తెచ్చుకోండి, అవి తీసేస్తే తాళం తప్పదు గానీ నడక చచ్చిపోతుంది. ఇక్కడా అంతే.

అది ఎలా పలుకుతుందో చేత్తో చూస్తే చప్పున అర్థమవుతుంది. బేస్ గిటారే కానక్కర్లేదు, ఏ గిటార్ ఉన్నా చాలు. కుడిచేతి చూపుడు వేలూ మధ్య వేలూ మార్చి మార్చి మీటండి. ఎడమచెయ్యిని తీగల మీద పరిచి పెట్టండి, నొక్కకుండా, తగిలీ తగలనట్టు. ఇప్పుడు ఎడమ చూపుడు వేలు ఒక్కటి నొక్కి వదలండి. నొక్కినప్పుడు పలుకుతుంది, వదలగానే మిగతా వేళ్లు దాన్ని అదిమేస్తాయి. రోకో చేసేది ఇదే. వదిలెయ్యడంలో ఉంది ఆయన పనితనం. చాలామంది బేస్ కుర్రాళ్లు ఆయన్ని అనుకరించబోయి కుడిచేతి వేగం పెంచుకుంటారు. వేగం పెద్ద సమస్య కాదు. నిమిషానికి వంద అడుగుల పాటైతే సెకనుకి ఆరేడు దెబ్బలు, నెల రోజుల్లో ఎవరికైనా వస్తాయి. ఎడమచెయ్యి తేలిగ్గా ఉండటం మాత్రం నాకు పట్టడానికి మూడేళ్లు పట్టింది.

రెండో రోజు ‘ఫంక్ ద డంబ్ స్టఫ్’. ఇందులో బేస్ ఒక్కదాన్నే కాకుండా బేసూ, డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్మూ కలిపి వినండి. అవి రెండూ ఎక్కడ ఒక్కటవుతున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి? పాత డ్రమ్మర్ డేవిడ్ గరిబాల్డీ లేడు కాబట్టి ఈ ఆల్బమ్ తక్కువని కొందరంటారు. నేను ఒప్పుకోను. గరిబాల్డీ వాయింపు పొడుపుకథలా ఉంటుంది, విప్పుకుంటూ వినాలి. మెకిన్నన్ సూటిగా వాయిస్తాడు, కిందనున్న బేస్‌కి చోటు వదులుతాడు. ఆ చోటు వల్లే రోకోని ఇంత స్పష్టంగా వినగలుగుతున్నాం. బేస్ నేర్చుకునేవాళ్లకి నేను పాత రికార్డుల కంటే ముందు దీన్నే ఇస్తాను.

మూడో రోజు ఒక మెట్టు పైకి, డాక్ కుప్కా దగ్గరికి. ఈ బ్యాండ్‌లో గాలి వాద్యాలు ఐదు: రెండు ట్రంపెట్లు, రెండు టెనార్ శాక్సోఫోన్లు, ఒక బారిటోన్ శాక్సోఫోన్. ఆ బారిటోన్ కుప్కాది. కింది స్థాయిలో 65 హెర్ట్జ్ దాకా దిగగల వాద్యం, అంటే బేస్ గిటార్ పొలంలోకే దిగి పలుకుతుంది. మొదట్లో కుప్కా వాయించి చూపించడానికి తమ ఇంటికొచ్చినప్పుడు, తన నాన్న తనని పక్కకి పిలిచి ‘ఇతన్ని పెట్టుకో, ఇతనిలో ఏదో ఉంది’ అన్న అర్థంలో చెప్పాడని కాస్టిల్లో చాలాసార్లు గుర్తు చేసుకున్నాడు. ఆ తండ్రి చెవికి దండం పెట్టాలి. మిగతా నలుగురూ ఒక మాట అని ఆగిన ఖాళీలో, అడుగు నుంచి బొంగురుగా, పొట్టిగా ఒక కేక వస్తుంది చూడండి, అది ఇతను. ఊరేగింపులో డోలు ఆగిన చోట సన్నాయి పక్కన శ్రుతి వినిపించినట్టు కాదు, పెద్దాయన ‘ఊఁ’ కొట్టినట్టు. ఆ ఊఁ ఒకసారి చెవిన పడిందా, ఇక ప్రతి పాటలోనూ దానికోసమే ఎదురుచూస్తారు.

గాలి వాద్యాల బృందాన్ని వినడానికి ‘మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్’ పెట్టండి. ట్రంపెట్ వాయించే గ్రెగ్ ఆడమ్స్ రాసిన వాద్యగీతం, గొంతు లేదు, పేరు డిస్నీలాండ్‌లో పిల్లలెక్కే ఆటబండిది. దీన్ని వినేటప్పుడు స్వరాలు పట్టుకోవద్దు. ఐదుగురూ ఎక్కడ ఆపుతున్నారో పట్టుకోండి. మా ఆర్కెస్ట్రాల్లో ‘బిట్టు’ (పాట మధ్య వచ్చే వాద్యాల ముక్క) ఎత్తుకోవడం అందరూ కలిసి ఎత్తుకుంటారు, వదలడం దగ్గరే చిందరవందర అవుతుంది, ఒకరి శ్వాస అరక్షణం ఎక్కువ సాగుతుంది. వీళ్లు కత్తిరించిన గుడ్డ అంచులా వదులుతారు. ఎల్టన్ జాన్ 1974 ఆల్బమ్ ‘కారిబూ’ మొదలుకుని ఎందరెందరో ఈ ఐదుగుర్ని తమ రికార్డులకి పిలిపించుకున్నది ఆ అంచు కోసమేనని నా అభిప్రాయం. ఇంకో సంగతి గమనించండి. బ్యాండ్ యజమాని కాస్టిల్లో వాయించేది రెండో టెనార్. ముందు వరసలో మెరిసే సోలోలు ఆయనవి కావు. నడిపేవాడు నడిమి స్వరంలో నిలబడ్డ బ్యాండ్ ఇది.

అప్పుడు, నాలుగో రోజో ఐదో రోజో, టామ్ బోవెస్ గొంతు. ఇప్పటిదాకా గొంతుని పట్టించుకోకుండా ఉన్నారు కాబట్టి, అది కిందనున్న నడక మీద ఎలా కూర్చుందో ఇప్పుడు కొత్తగా తెలుస్తుంది. ‘ఎ లిటిల్ నాలెడ్జ్’, ‘యూ కాంట్ ఫాల్ అప్’ మంచివి. మాటల్లో వీధి సామెతల పొగరు ఉంటుంది, ఆ పేర్లు చూస్తేనే తెలుస్తుంది. ఆల్బమ్‌కి పేరిచ్చిన పాట అర్థం, నీ భూతాన్ని గొలుసుతో కట్టి ఉంచుకోమని. కాస్టిల్లో 1980ల చివర్లో మత్తు వదిలి బయటపడ్డ మనిషి, ఆ మాట ఆయన దాచుకోలేదు. అది మనసులో పెట్టుకుని వింటే ఆ గొలుసు నాకు ఉత్త పాట మాటగా వినిపించదు.

నెమ్మది పాటల గురించి నిజం చెప్పాలి. కొన్నిట్లో కీబోర్డ్ ధ్వనులు ఆ కాలానికే అంటుకుపోయాయి, గాజులాంటి ఆ మెరుపు ఇవాళ చెవికి పాతబడింది. మొదటి వారం వాటిని దాటెయ్యండి, తప్పేం లేదు. నేనూ దాటేశాను. తర్వాత మెల్లగా ‘పర్సనల్ పొజెషన్స్’ ఒక్కటి తిరిగొచ్చింది.

వాయించేవాళ్లకి రెండు మాటలు. ‘యాటిట్యూడ్ డాన్స్’ని పూర్తి వేగంతో మొదలుపెట్టొద్దు. లయ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60కి పెట్టి, ముందు ఒక్క స్వరం మీదే తకధిమి నాలుగూ సమానంగా రానివ్వండి. తర్వాత ‘క’, ‘మి’ రెండిటినీ మూగ చెయ్యండి. తర్వాత ‘త’ ఒక్కటే పలికించి మిగతా మూడూ మూగ. ఇది పావుగంట ఆగకుండా వచ్చాక రోజుకి రెండు చొప్పున పెంచుకుంటూ పొండి. చెయ్యి నొప్పెడితే ఎడమచెయ్యి గట్టిగా నొక్కుతున్నట్టు లెక్క, వేగం తగ్గించి మళ్లీ రండి. యాంప్‌లో ట్రెబుల్ కాస్త తగ్గించండి. ఆయన ధ్వని గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది, గోరు తగిలినట్టు ఉండదు.

ప్రెస్టియా 2020 సెప్టెంబరులో పోయారు. ఆ వారం మాకు ప్రోగ్రాములు లేవు, కరోనా రోజులు. నేనూ మా ప్యాడ్స్ కుర్రాడూ ఫోన్‌లో ఎవరింట్లో వాళ్లం కూర్చుని, ‘ఫంక్ ద డంబ్ స్టఫ్’ ఒకేసారి నొక్కుకుని విన్నాం. వాడు ఇప్పుడు ప్యాడ్స్ వదిలి అసలు డ్రమ్ సెట్ కొనుక్కున్నాడు.

ఈ ఆల్బమ్ నెల రోజులు తిరిగాక 1973కి వెళ్లండి, ఈసారి ‘వాట్ ఈజ్ హిప్’ బేస్ నుంచి మొదలుపెట్టి. అక్కడ గరిబాల్డీ, ఇక్కడ మెకిన్నన్, కింద అదే ఎడమచెయ్యి. తర్వాత ముందుకొచ్చి 1993 నాటి ‘టి.ఓ.పి.’, 1995 నాటి ‘సోల్డ్ అవుట్’ తీసుకోండి. వాటిల్లోనూ మొదటి రోజు బేస్ ఒక్కటే వినండి, గొంతుని నాలుగో రోజుకి ఉంచండి.