కాకినాడ కాలేజీలో చేరారా? తిండీ తిరుగుడూ ఇలా మొదలుపెట్టండి

రాయలసీమ నుంచో తెలంగాణ నుంచో కాకినాడలో సీటొచ్చి దిగిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందుగా ఒక మాట. మెస్‌లో తిని రూములో పడుకుంటే నాలుగేళ్లు ఇట్టే గడిచిపోతాయి, గోదావరి సీమ మాత్రం తెలియకుండానే ఉండిపోతుంది. ఇక్కడ ప్రతి తిండికీ ఒక ఊరుంది, ఒక పూటుంది, ఒక సీజనుంది. అవి తెలిసిన లోకల్ ఫ్రెండ్ ఒక్కరున్నా చాలు. అందుకే మొదటి నెలలోనే డే స్కాలర్లతో స్నేహం చేయండి.

టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు చూసుకోండి. విశాఖ, విజయవాడ మధ్య నడిచే చాలా రైళ్లు కాకినాడ ఊళ్లోకి రావు, సామర్లకోటలో ఆగి వెళ్లిపోతాయి. అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు ఉంటాయి కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

సముద్రం పక్కన ఊరు కాబట్టి ఉక్కపోత ఎక్కువ. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక వస్తే ప్రయాణాలు మానుకోండి. మనుషుల సంగతికొస్తే, మీకంటే ముప్పై ఏళ్లు పెద్దాయన కూడా మిమ్మల్ని ‘అండీ’ అనే పిలుస్తాడు. మీరూ అలాగే మాట్లాడండి, ఆటో బేరం దగ్గరైనా సరే.

పులుసులో బెల్లం ముక్క పడటం కారానికి అలవాటైన నాలుకకు మొదట్లో నచ్చకపోవచ్చు. నాలుగైదుసార్లు తినండి, కుదురుతుంది. పెద్ద భోజనం చేయాలనుంటే సుబ్బయ్య హోటల్‌కి ఆదివారం పొద్దున టిఫిన్ మానేసి వెళ్లండి. వడ్డించేవాళ్లు కొసరి కొసరి పెడతారు, సగం కడుపుతో వెళ్తే న్యాయం చేయలేరు. కాజాల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోండి. కాకినాడది గొట్టం కాజా, కొరికితే లోపలి పాకం నోట్లోకి దిగుతుంది. మడతలు మడతలుగా ఉండేది తాపేశ్వరం కాజా. ఇంటికి కొనుక్కెళ్లేటప్పుడు రెండూ కొనండి.

సాయంత్రాలు మాత్రం బండ్లవే. మురీ మిక్చర్ తినకుండా కాకినాడలో చదివానంటే ఎవరూ నమ్మరు. మరమరాల్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా వేసి, కారం చల్లి, నిమ్మకాయ పిండి కలిపి పొట్లం చేతిలో పెడతారు. మరమరాలు మెత్తబడకముందే తినేయాలి, రూముకి పార్సిల్ తీసుకెళ్తే దండగ.

యానాం బస్సెక్కితే దారిలోనే కోరంగి మడ అడవులు. చెట్ల మధ్యగా వేసిన చెక్కబాట మీద నడుస్తుంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు కనిపిస్తాయి. ఒకప్పుడు పెద్ద ఓడరేవైన కోరంగిని 1839 ఉప్పెన దెబ్బతీసింది. ఉదయం అక్కడ గడిపి, సాయంత్రానికి యానాంలో గోదావరి పాయ గౌతమి ఒడ్డుకు చేరండి. యానాం పుదుచ్చేరిలో భాగం, చుట్టూ ఉన్నదంతా మన ఆంధ్రే.

నన్నడిగితే అన్నిటికంటే ముందు వెళ్లాల్సింది ఆత్రేయపురం. రాజమండ్రి వెళ్లి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి, కాలువ గట్టు వెంట పోవాలి. పూతరేకులు ఏ స్వీట్ షాపులోనైనా దొరుకుతాయి కదా అనుకోకండి. వాటి తయారీ చూడాలి. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డను ముంచి, రెండు చేతులతో పట్టుకుని కుండ మీదుగా ఒక్కసారి లాగుతారు. క్షణంలో వెనక ఉన్నది కనిపించేంత పల్చటి రేకు లేస్తుంది. గుడ్డ లాగే చెయ్యి ఎక్కడ తడబడినా రేకు చిరుగుతుంది. రోజంతా ఆ సెగ దగ్గరే కూర్చుని చేసే ఆడవాళ్ల పని అది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. బెల్లం, నెయ్యి వేసినవి అక్కడికక్కడే చుట్టించుకుని తినండి. ధర దగ్గర గీచిగీచి బేరమాడకండి, ఆ చేతులకు ఆ డబ్బు దక్కాలి. పక్కనే లొల్ల దగ్గర కాలువ నీటిని ఆపి వదిలే లాకులున్నాయి, చూసి రండి.

‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న మాట వచ్చిన వారంలోనే మీ చెవిన పడుతుంది. వరద నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే చేప అది. జూలై నుంచి సెప్టెంబరు దాకా సీజను. ఒక్క చేపే వేలల్లో పలుకుతుంది. పులస పేరుతో వేరే చేప అంటగట్టేవాళ్లూ ఉంటారు, కాబట్టి హోటళ్లలో దానికోసం డబ్బు తగలేయకండి. ఫ్రెండ్ వాళ్లింట్లో వండితే మాత్రం మొహమాటపడకుండా వెళ్లండి. పులుసు ఇవాళ కాచి రేపు తింటేనే రుచి అంటారు, కాబట్టి ఆ రాత్రి అక్కడే ఉండేలా వెళ్లండి. చేతిలో పళ్లో స్వీటో ఉండాలి.

సంక్రాంతికి ఇంటికి వెళ్లడం కుదరకపోతే కోనసీమ ఫ్రెండ్ ఇంటికి చేరండి. కనుమ రోజున జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి గుడ్డలతో అలంకరించిన ఎత్తైన చట్రాలు, వస్తాయి. రంగురంగుల ప్రభల్ని జనం భుజాల మీద ఎత్తుకుని పొలాల్లోంచి, కాలువల్లోంచి తెస్తారు. పొద్దున్నే అంబాజీపేటలో దిగి పొట్టిక్కలు తినండి. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలవి, ఆకు వాసన పిండికి పడుతుంది. ఆ రోజు బస్సులు కిక్కిరిసి ఉంటాయి, రోడ్ల మీద వాహనాలు కదలవు. తిరుగు ప్రయాణం మర్నాటికి పెట్టుకోండి.