వర్చువల్ మెషిన్‌కి ఎస్‌ఎస్‌డీ క్యాష్: రైట్‌బ్యాక్ జోలికి ఎందుకు పోకూడదు

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ అనుకుందాం. ఒకటే సర్వర్, అందులో ప్రాక్స్‌మాక్స్ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషిన్లు, అంటే వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్). లెక్కల డేటాబేస్ ఉన్న లినక్స్ వీఎం డేటా అంతా 4 టీబీ హార్డ్‌డిస్క్ మీద, ఆ వీఎం లోపలి ఎల్‌వీఎంలో ఉంది. ఎల్‌వీఎం అంటే డిస్కులని వాల్యూమ్ గ్రూపుగా కలిపి, అందులోంచి వాల్యూమ్‌లు కోసిచ్చే లినక్స్ సాధనం. నెలాఖరుకి స్టాకు రిపోర్టు నొక్కితే తెర కదలదు. హార్డ్‌డిస్క్ సెకనుకి 100–200 రాండమ్ రీడ్‌లకే (అక్కడోటి ఇక్కడోటిగా చదవడానికే) చతికిలబడుతుంది మరి. సాటా ఎస్‌ఎస్‌డీ అయితే వేలకి వేలు లాగుతుంది. అందుకే దాన్ని హార్డ్‌డిస్క్‌కి క్యాష్‌గా పెడదాం, అంటే తరచూ చదివే డేటా కాపీ ఎస్‌ఎస్‌డీలో ఉంటుంది. సీసీ కెమెరా రికార్డింగులకి మాత్రం క్యాష్ దండగ.

480 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. ముందు హోస్ట్‌లో, అంటే ప్రాక్స్‌మాక్స్ నడిచే అసలు సర్వర్‌లో, ఈ ఎస్‌ఎస్‌డీ మీది పాత పార్టిషన్లు తుడిచేయండి. వీఎంకి ఇచ్చేటప్పుడు లినక్స్ వరసగా పెట్టే ఎస్‌డీబీ లాంటి పేరు వాడొద్దు. రేపు ఇంకో డిస్క్ తగిలించి రీబూట్ చేస్తే ఆ పేరు దానికి పోవచ్చు. బై-ఐడీ ఫోల్డర్‌లో సీరియల్ నంబరుతో కనిపించే పేరే ఇవ్వండి. ప్రాక్స్‌మాక్స్ డిస్క్ సెట్టింగుల్లో కంట్రోలర్ వర్ట్‌ఐఓ స్కసీ సింగిల్, క్యాష్ అనే చోట నన్ (ఇది హోస్ట్ క్యాష్, మనం పెట్టేది వేరు). ఐఓ థ్రెడ్, డిస్కార్డ్, ఎస్‌ఎస్‌డీ ఎమ్యులేషన్ మూడూ ఆన్. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: హోస్ట్ ఎల్‌వీఎం ఏ డిస్కులు చూడాలో చెప్పే ఫిల్టర్‌లో ఈ డిస్క్‌ని తప్పించాలి. లేదంటే గెస్ట్ (వీఎం) వాల్యూమ్ గ్రూపుని హోస్ట్ కూడా తెరిచి కూర్చుంటుంది.

ఇక గెస్ట్‌లో. ఎస్‌ఎస్‌డీని డేటా ఉన్న వాల్యూమ్ గ్రూపులోనే చేర్చి, దాని మీద 400 జీబీ వాల్యూమ్ చేసి, ఎల్‌వీకన్వర్ట్ అనే కమాండ్‌తో డేటా వాల్యూమ్‌కి క్యాష్‌గా తగిలించండి. చంక్ సైజు, అంటే క్యాష్‌ని విడగొట్టే ఒక్కో ముక్క సైజు, 512 కేబీ పెట్టండి. 64 కేబీ అయితే ముక్కలు 65 లక్షలవుతాయి, ఎల్‌వీఎం మామూలు హద్దు 10 లక్షలే.

క్యాష్ మోడ్ రైట్‌త్రూ, అంటే ప్రతి రాత హార్డ్‌డిస్క్‌కి కూడా చేరాకే పూర్తయినట్టు. రైట్‌బ్యాక్ అంటే ముందు ఎస్‌ఎస్‌డీలో రాసి, హార్డ్‌డిస్క్‌కి తర్వాత పంపడం. రైట్‌బ్యాక్‌లో రాతలు కూడా వేగంగా అవుతాయి, నిజమే. కానీ ఇంకా హార్డ్‌డిస్క్‌కి చేరని డేటా ఎస్‌ఎస్‌డీలోనే ఉంటుంది. అది చచ్చిందా, ఫైల్‌సిస్టమ్ కూడా పోయినట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ పలాస దగ్గరే తీరం దాటింది, ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు యూపీఎస్ ఎన్ని గంటలు ఆగుతుంది? రైట్‌బ్యాక్ తప్పదంటే పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా రాస్తున్న డేటా కాపాడే ఏర్పాటు) ఉన్న ఎస్‌ఎస్‌డీలు రెండు కొని మిర్రర్ చేయండి, అంటే రెండిటిలో ఒకే డేటా ఉంచండి.

మొదటి రోజు తేడా కనబడదు, క్యాష్ ఇంకా ఖాళీ. అదే రిపోర్టు రెండు మూడు సార్లు తీశాక ఎల్‌వీఎస్ కమాండ్‌లో రీడ్ హిట్లు (క్యాష్‌లో దొరికినవి), మిస్‌లు (దొరకనివి) చూడండి.

ఎస్‌ఎస్‌డీ మార్చాలంటే పీకేయొద్దు. ముందు గెస్ట్‌లో అన్‌క్యాష్ చేసి (క్యాష్ విడదీసి), వాల్యూమ్ గ్రూపులోంచి తీసి, ఆ తర్వాతే ప్రాక్స్‌మాక్స్‌లో విడదీయండి. రైట్‌త్రూలో ఉండగా బ్యాకప్‌లో ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు, ప్రాక్స్‌మాక్స్‌లో ఆ డిస్క్‌కున్న బ్యాకప్ టిక్ తీసేయండి. అయితే రీస్టోర్ చేశాక వాల్యూమ్ గ్రూపు ఒక డిస్క్ లేదని మొరాయిస్తుంది. అప్పుడు ఫోర్స్‌తో అన్‌క్యాష్ చేస్తే డేటా వాల్యూమ్ తెరుచుకుంటుంది.